పాత చదరపు బేలర్ టైమింగ్: ప్రాజెక్టు డైరీ

గడ్డిని నొక్కి కట్టలు కట్టే బేలర్‌లో ముడి పడట్లేదు అనగానే అందరి చెయ్యీ తాడుకు ముడి వేసే భాగం, అంటే నాటర్ మీదికే పోతుంది. ఈ మెషీన్ మీద కూడా మాకంటే ముందు ఎవరో అదే పని చేశారు. కుడి నాటర్‌లో ముడిని తుడిచి కిందికి తోసే వైపర్ ఆర్మ్ మీద సుత్తి దెబ్బల ఆనవాళ్లున్నాయి, స్ప్రింగుల కింద లెక్కకు మించి వాషర్లున్నాయి, ఒక బోల్టు తల పానా జారి జారి గుండ్రమైపోయింది. అసలు జబ్బు మాత్రం నాటర్‌లో లేదు, దానికి నాలుగడుగుల అవతల చైనులో ఉంది. సెకండ్‌హ్యాండ్ బేలర్ కొన్నవాళ్లు ఇదే వరుసలో చూసుకుంటే నాటర్ జోలికి పోకుండానే సగం పని తేలిపోతుంది. అందుకే కొలతలన్నీ రాసి పెడుతున్నాను.

మెషీన్ వచ్చినప్పటి స్థితి

కట్టకు రెండు తాళ్లు, రెండు ముడులు వేసే చదరపు బేలర్. గడ్డిని నొక్కే చాంబరు 36 × 46 సెం.మీ. ట్రాక్టర్ నుంచి శక్తి అందించే పీటీవో షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు. పంజాబ్‌లో వరిగడ్డి మీద నడిచి ఇక్కడికి వచ్చింది. అక్కడ వరి కోతకీ గోధుమ విత్తడానికీ మధ్య రెండు మూడు వారాలే దొరుకుతాయి. ఆ కొద్ది రోజుల్లో పగలూ రాత్రీ నడుపుతారు, తర్వాత ఏడాదంతా షెడ్డులో పెడతారు. అందుకని ఎన్నేళ్ల మెషీన్ అని అడిగి లాభం లేదు, అరుగుదల కొలవాల్సిందే. మా మిర్యాలగూడ వైపు యాసంగి కోతలు ఏప్రిల్‌లో ఊపందుకుంటాయి. అప్పటికి పొలంలో దిగాలి.

కొనేటప్పుడు నడిపి చూసిన 20 కట్టల్లో 9 కట్టలకు కుడి తాడు ఊడింది. ఎడమ వైపు ఒక్కటి. ఫ్లైవీల్ దగ్గర షేర్ బోల్టు ఒక్కసారి కూడా తెగలేదు. అమ్మినాయన దాన్ని గొప్పగా చెప్పాడు. నాకైతే అక్కడే అనుమానం వచ్చింది.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇక్కడ రాసిన ప్రతి కొలతా ట్రాక్టర్ ఆపి, తాళం జేబులో వేసుకుని, పీటీవో షాఫ్ట్ విప్పి పక్కన పడేశాకే తీసింది. ఫ్లైవీల్ చేత్తోనే తిప్పాలి, అదీ మెషీన్ నడిచే దిక్కులోనే. నాటర్ ట్రిప్ అయి ఉంటే, అంటే ముడి వేసే పనికి సిద్ధమై ఉంటే, ఫ్లైవీల్ కాస్త కదిలినా తాడు అందించే సూదులు లేస్తాయి. తిప్పే మనిషి ఒకడు, కొలిచే మనిషి ఒకడు ఉండాలి. కొలిచేవాడు "ఆపు" అంటే ఆగాలి, "తిప్పు" అనేదాకా చెయ్యి వెయ్యకూడదు.

దశ 1: ఫ్లైవీల్, షేర్ బోల్టు

బోల్టు విప్పి తల తుడిస్తే 12.9 అని అచ్చు కనిపించింది. అలెన్ బోల్టు. మెషీన్ పుస్తకంలో ఉన్నది అంతకంటే మెత్తని 8.8 గ్రేడు. షేర్ బోల్టు ఉన్నదే తెగడానికి. రాయో, గట్టు మీద పాతిన ఇనుప ముక్కో లోపలికి పోతే అది తెగి మిగతా మెషీన్‌ని కాపాడాలి. ఇది తెగని బోల్టు కాబట్టి దెబ్బంతా వెనక్కి పోయింది. ఎక్కడిదాకా పోయిందో తర్వాత తెలిసింది.

హబ్‌లో బోల్టు రంధ్రం సాగి ఒకవైపు కోడిగుడ్డులా అయింది. 0.9 మి.మీ. తేడా. అలా వదిలేస్తే సరైన బోల్టు వేసినా ఊగి ఊగి అలసిపోయి, ఏ అడ్డూ లేకుండానే తెగుతుంది. లేత్ షాపులో రంధ్రం పెద్దది చేయించి గట్టి బుష్ కొట్టించాను.

ఖర్చు: 8.8 బోల్టులు పది, 250. బుష్, లేత్ పని 900. పుస్తకం జిరాక్స్ 200.
ఇప్పటిదాకా: 1,350 రూపాయలు.

దశ 2: ప్లంజర్, కత్తులు

టైమింగ్ అంటే సూదులూ, గడ్డిని నొక్కే ప్లంజరూ ఒకదానికొకటి సరైన సమయానికి రావడం. దానికంటే ముందు ప్లంజర్ ఎందుకంటే, టైమింగ్ కొలిచేదే ప్లంజర్ ముఖం నుంచి. ఆ ముఖమే పక్కకు ఊగుతుంటే ఆ కొలతను నమ్మలేం.

ప్లంజర్ కత్తి, చాంబరు అంచున ఉన్న స్థిర కత్తి ఎదురెదురుగా వచ్చినప్పుడు మధ్య సందును ఫీలర్ గేజ్‌తో చూశాం. పైన 1.6 మి.మీ., కింద 0.7. ఉండాల్సింది 0.8 లోపు, కానీ రాసుకోకూడదు. పైన సందు ఎక్కువైతే గడ్డి తెగకుండా మడత పడుతుంది, ప్లంజర్ అవతలికి తోసుకుపోతుంది. కుడి పక్క గైడు పై రోలరు వెనక 0.5 మి.మీ. షిమ్ములు (పలుచని రేకులు) రెండు పెడితే పైన 0.6కి వచ్చింది. కింద 0.7 అలాగే ఉంది. స్ట్రోక్ మొత్తం చేత్తో తిప్పి ఎక్కడా తగలట్లేదని చూసుకున్నాం.

కత్తులు విప్పి పదును పెట్టించాను. వాలుగా ఉన్న వైపే పట్టాలి. చదునుగా ఉన్న వైపు గ్రైండర్ పెడితే సందు మళ్లీ పెరుగుతుంది. షాపతనికి సుద్దముక్కతో గీత గీసి మరీ ఇచ్చాను.

ఖర్చు: షిమ్ములు 150, పదును 600.
ఇప్పటిదాకా: 2,100 రూపాయలు.

దశ 3: సూదుల టైమింగ్, మొదటి కొలత

ఈ బేలర్‌లో సూదులు చాంబరు అడుగు నుంచి పైకి లేచి, తాడును నాటర్‌కి అందించి, మళ్లీ కిందికి దిగుతాయి. అవి లేచే సమయానికి ప్లంజర్ గడ్డిని అవతలికి నొక్కి పట్టుకుని ఉండాలి. సూదులు ప్లంజర్ ముఖంలో ఉన్న గాడుల్లోంచి పైకి పోవాలి, అంటే ముఖం ముందుగా సూదిని దాటాలి. ప్లంజర్ ఆలస్యమైతే సూది నేరుగా గడ్డిలోకి పొడుచుకుంటుంది. గడ్డి దాన్ని పక్కకు తోస్తుంది. తాడు, దాన్ని పట్టుకునే నాటర్ డిస్కు గాడిలో పడాల్సింది అంచు మీద పడుతుంది. బయట నిలబడి చూసేవాళ్లకు మాత్రం నాటర్ ముడి వేయనట్టే ఉంటుంది.

కొలిచిన పద్ధతి:

1. చాంబరు ఖాళీ చేసి, అడుగు శుభ్రంగా తుడవాలి.
2. కట్ట పొడవు కొలిచే పళ్ల చక్రం, అంటే స్టార్ వీల్ పక్కనున్న ట్రిప్ ఆర్మ్‌ని చేత్తో లేపి నాటర్‌ని ట్రిప్ చేయాలి.
3. ఫ్లైవీల్‌ని నడిచే దిక్కులో మెల్లగా తిప్పాలి. ప్లంజర్ నొక్కే స్ట్రోక్‌లో ఉండాలి, వెనక్కొచ్చే స్ట్రోక్‌లో కాదు.
4. సూది మొనలు చాంబరు అడుగుతో సమానమవగానే ఆపాలి. మొన మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి చూస్తే సరిగ్గా తెలుస్తుంది.
5. ప్లంజర్ ముఖానికీ సూదికీ మధ్య దూరం కొలవాలి. ముఖం సూదిని దాటి ఉంటే ప్లస్, ఇంకా దాటకపోతే మైనస్.

మా మెషీన్ పుస్తకంలో ఇది ప్లస్ 25 నుంచి ప్లస్ 75 మి.మీ. ఈ అంకె ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది, మీ పుస్తకం చూడకుండా దీన్ని వాడొద్దు.

వచ్చిన కొలతలు: మైనస్ 12, ప్లస్ 6, మైనస్ 20.

మెషీన్ ఒకటే, మనుషులూ వాళ్లే, ఫ్లైవీల్ తిప్పిందీ ఒకే దిక్కు. అయినా 26 మి.మీ. తేడా వచ్చింది. ఇలాంటప్పుడు సగటు తీసి, చైను ఒక పన్ను జరిపి పని అయిపోయిందనుకోవడం తేలికే. కానీ వదులు ఎక్కడుందో పట్టుకోకుండా పన్ను జరిపితే వారం తిరక్కుండా మళ్లీ తప్పుతుంది. సూదుల ఫ్రేమును పట్టుకుని ఊపితే మొనల దగ్గర 30 మి.మీ. ఆడింది. ఆ ఆట ఎక్కణ్నించి వస్తోందో వెతకడమే తర్వాతి పని.

దశ 4: చైను, టెన్షనర్, బ్రేకు

గేర్‌బాక్స్ నుంచి నాటర్ షాఫ్ట్‌కి పోయే చైను ముప్పావు అంగుళం పిచ్‌ది. 20 లింకుల పొడవు కొత్తదైతే 381 మి.మీ. ఉండాలి. ఇది 391 ఉంది. నూటికి రెండున్నర పైనే సాగింది. రెండు దాటితే మార్చాలన్నది నేను పాటించే లెక్క. దీన్ని బిగించి ప్రయోజనం లేదు, పళ్ల మీదికెక్కి కూర్చుంటుంది.

చైనును బిగువుగా ఉంచే టెన్షనర్ స్ప్రాకెట్ బేరింగు చేత్తో ఆడిస్తే టకటక కొట్టుకుంది. పళ్లు ఒకవైపు కొక్కేల్లా వంగాయి. నాటర్ స్ప్రాకెట్‌ని తుడిస్తే ఒక పన్ను కొనలో చిన్న మెరుపు గీత, దాని పక్క పన్ను మీద కూడా అలాంటిదే కనిపించింది. చైను దూకిన గుర్తు అది. తెగని అలెన్ బోల్టు తాలూకు దెబ్బ ఇక్కడ తేలింది. ఏదో గట్టిది అడ్డం పడ్డప్పుడు ఫ్లైవీల్ దగ్గర తెగాల్సింది తెగలేదు, వదులుగా ఉన్న చైను ఒక పన్ను దూకి ఒత్తిడి తీర్చుకుంది. అప్పటి నుంచి సూదులు తొందరపడుతున్నాయి, లేదా ప్లంజర్ ఆలస్యమవుతోంది, ఎలా అన్నా ఒకటే.

చైను, టెన్షనర్ స్ప్రాకెట్, బేరింగు మూడూ మార్చాను. పాత స్ప్రాకెట్ మీద కొత్త చైను వేస్తే చైను కూడా అదే తీరుగా అరుగుతుందని లేత్ షాపు అన్న ముందే చెప్పాడు. నాటర్ స్ప్రాకెట్ పళ్లు మాత్రం బాగానే ఉన్నాయి, గీతల్ని ఆకురాయితో నున్నగా చేసి వదిలేశాను.

తర్వాత నాటర్ షాఫ్ట్ చివరనున్న బ్రేకు. దాని పని ముడి వేయడం పూర్తయ్యాక షాఫ్ట్ అదుపు తప్పి ముందుకు పోకుండా ఆపడం, సూదులు అవి ఉండాల్సిన చోటే నిలిచేలా చూడటం. లైనింగు మీద గ్రీజు పట్టి నల్లగా మెరుస్తోంది. ఎవరో నాటర్ గ్రీజు కొడుతూ దాని మీదా కొట్టారు. లైనింగు మార్చి, డిస్కును ఎమరీ పేపరుతో రుద్ది, స్ప్రింగు పొడవు 52 మి.మీ. నుంచి 46కి బిగించాను. మరీ బిగిస్తే ప్రతి ముడికీ నాటర్ డ్రైవ్ మీద బరువు పడుతుంది. చేత్తో ఫ్లైవీల్ తిప్పినప్పుడు కాస్త పట్టు తెలియాలి, ఆగిపోకూడదు.

ఖర్చు: చైను 1,900, టెన్షనర్ స్ప్రాకెట్ 1,150, బేరింగు 240, బ్రేకు లైనింగు 400, స్ప్రింగు 80.
ఇప్పటిదాకా: 5,870 రూపాయలు.

చైను పాత పన్ను మీదే వేసి మళ్లీ కొలిచాం. మైనస్ 15, మైనస్ 16, మైనస్ 14. మంచి కొలత కాదు, కానీ నిలకడగా ఉంది. ఇప్పుడు జరపొచ్చు.

దశ 5: ఒక పన్ను

జరిపే ముందు లెక్క వేసుకోవాలి. ఈ మెషీన్‌లో ప్లంజర్ ఒక స్ట్రోక్ పోయి వచ్చేసరికి నాటర్ స్ప్రాకెట్ ఒక చుట్టు తిరుగుతుంది. దానికి 40 పళ్లు. ఒక పన్ను అంటే క్రాంకు మీద 9 డిగ్రీలు. ప్లంజర్ స్ట్రోక్ మధ్యలో వేగంగా కదిలే చోట ఆ 9 డిగ్రీలకు 50 మి.మీ. పైనే జరుగుతుంది. పుస్తకం ఇచ్చిన వెసులుబాటు 25 నుంచి 75, అంటే అదీ 50. ఒక పన్ను తప్పితే హద్దు దాటడం ఖాయం, ఒక పన్ను జరిపితే హద్దులోకి రావడమూ ఖాయం. సగం పన్ను బేరాలు లేవు.

1. సూది మొనలు చాంబరు అడుగుతో సమానంగా ఉన్న స్థితిలోనే ఆపి, సూదుల ఫ్రేము కింద చెక్క దిమ్మ పెట్టాం.
2. రెండు స్ప్రాకెట్ల మీదా, చైను మీదా తెల్ల పెయింటుతో గుర్తులు పెట్టాం. అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే.
3. టెన్షనర్ వదులు చేసి, చైనుని గేర్‌బాక్స్ స్ప్రాకెట్ మీద నుంచి పక్కకు తీశాం. నాటర్ స్ప్రాకెట్ కదల్లేదు.
4. ప్లంజర్ వెనకబడి ఉంది కాబట్టి ఫ్లైవీల్‌ని నడిచే దిక్కులోనే తిప్పి ప్లంజర్‌ని ముందుకు తెచ్చాం, ఒక పన్ను మేర. ఫ్లైవీల్ మీద చూస్తే ఇది చాలా ఎక్కువ తిరిగినట్టు ఉంటుంది, గేర్‌బాక్స్ తగ్గింపు వల్ల. గుర్తు చూసుకోవాల్సింది స్ప్రాకెట్ మీద.
5. చైను ఎక్కించి, టెన్షనర్ బిగించి, దిమ్మ తీసి, మొదటి నుంచి ట్రిప్ చేసి కొలిచాం.

ప్లస్ 38, ప్లస్ 39, ప్లస్ 38.

చైను వదులు మధ్యలో 12 మి.మీ. పెట్టాను. పాతది 30 పైనే ఆడేది.

దశ 6: సూదుల సేఫ్టీ స్టాప్

సూదులు చాంబరులో ఇరుక్కుని ఉండగా ప్లంజర్ మళ్లీ నొక్కడానికి వస్తే వాటిని విరిచేస్తుంది. అలా జరక్కుండా సూదుల ఫ్రేముకి కలిపిన ఒక ఉక్కు నాలుక చాంబరులోకి పొడుచుకొచ్చి ప్లంజర్‌ని ఆపేస్తుంది. అప్పుడు షేర్ బోల్టు తెగుతుంది. కనీసం అలా జరగాలని దాన్ని పెట్టారు.

మా మెషీన్‌లో ఆ నాలుకని బైండింగ్ వైరుతో వెనక్కి కట్టేశారు. బోల్టు చూస్తే తెగనిది, స్టాప్ చూస్తే కట్టేసింది. ఇన్ని సీజన్లు సూదులు విరక్కుండా ఎలా మిగిలాయో నాకు అర్థం కాలేదు. కుడి సూది మాత్రం పూర్తిగా తప్పించుకోలేదు, ఆ సంగతి కింద ఉంది.

వైరు తీసేసి, అరిగిన పిన్నూ స్ప్రింగూ మార్చి, రాడ్ పొడవు సరిచేశాను. సూదులు కింద విశ్రాంతి స్థానంలో ఉన్నప్పుడు నాలుక ప్లంజర్‌కి తగలకూడదు. సూదులు లేవడం మొదలుకాగానే అది పూర్తిగా చాంబరులో ఉండాలి. రెండూ చేత్తో తిప్పి చూశాక, సూదుల్ని పైకి లేపి ఉంచి ప్లంజర్ నెమ్మదిగా నాలుకకు తగిలి ఆగుతోందని కూడా చూశాం.

ఖర్చు: 180. ఇప్పటిదాకా: 6,050 రూపాయలు.

దశ 7: ఫీడర్

ఇక్కడ పెద్ద గొడవేమీ లేదు. ఫీడర్ వేళ్లు గడ్డిని చాంబరులోకి తోసి, ప్లంజర్ కత్తి వచ్చేలోపు బయటకు వెళ్లిపోవాలి. చేత్తో తిప్పి చూస్తే కత్తి వేళ్ల దగ్గరికి చేరేసరికి వేళ్లు పూర్తిగా బయటే ఉన్నాయి. దీని చైను వేరు, అది దూకలేదు. రెండు వేళ్ల మొనలు అరిగాయి, ఈ సీజన్‌కి నడుస్తాయి.

దశ 8: ఇక నాటర్

టైమింగ్ సరిపడ్డాకే దీని దగ్గరికొచ్చాను. ముందు గడ్డి లేకుండా పొడి పరీక్ష. తాడు ఎక్కించి, చాంబరు వెనక ఒక మనిషి తాడు చివర్లను బిగువుగా పట్టుకుని దూరంగా నిలబడితే, ఇంకొకరు ట్రిప్ చేసి ఫ్లైవీల్ తిప్పాలి. నిజం కట్టలో ఉన్నంత బిగువు రాదు గానీ ముడి ఎలా పుడుతోందో కళ్లారా చూడొచ్చు.

ఎడమది ముడి వేసింది. కుడిది తాడు ఒక కొసకే ముడి వేసి రెండో కొసను వదిలేసింది. వదిలేసిన చివర చూస్తే నలిగిన గుర్తే లేదు. ఇది ముఖ్యమైన ఆధారం. డిస్కు పట్టుకుని జారిపోతే చివర నలిగి పీచు లేస్తుంది, అప్పుడు డిస్కుకు పట్టునిచ్చే హోల్డర్ స్ప్రింగు బిగించాలి. నలగలేదంటే డిస్కు అసలు పట్టుకోలేదు, తాడు గాడిలో పడలేదని అర్థం. ఇంతకు ముందు పనిచేసినవాళ్లు ఇది చూడకుండా స్ప్రింగు మీద స్ప్రింగు బిగించుకుంటూ పోయారు.

కుడి సూది పైకి లేచినప్పుడు డిస్కు పక్క ఫ్రేముని తేలిగ్గా రాసుకుంటూ పోవాలి. ఇది 5 మి.మీ. ఎడంగా పోతోంది. టైమింగ్ తప్పిన రోజుల్లో గడ్డి తోయగా తోయగా వంగింది. కుడి వైపే ఎందుకంటే ఈ బేలర్‌లో గడ్డి లోపలికి వచ్చే దారి ఆ వైపే, తోపు ముందు ఆ సూది మీదే పడుతుంది. పోత ఇనుప సూదిని సుత్తితో సరిచేసే సాహసం చేయకండి, విరుగుతుంది. ఫ్రేముకి బిగించిన బోల్టులు వదులు చేసి, పక్క సర్దుబాటు బోల్టుతో మొన స్థానం మార్చాను. 4 మి.మీ. వచ్చింది. ఇంకొక మిల్లీమీటర్ రాలేదు, కానీ ఇప్పుడు తేలిగ్గా రాసుకుంటోంది.

తర్వాత సరిచేసినవి చకచకా:

హోల్డర్ స్ప్రింగు కింద అదనపు వాషర్లు తీసేశాను. మేం వాడేది ప్లాస్టిక్ తాడు, జనప తాడు కంటే సన్నం, జారుడు ఎక్కువ. దానికి కొంచెం బిగువు కావాలి, కానీ ఆ వాషర్లతో డిస్కు దగ్గరే తాడు తెగేంత బిగువుంది.

తాడును చుట్టి ముడి వేసే కొక్కెం, కుడి బిల్ హుక్ మీద తుప్పు మచ్చలు. 400 నంబరు ఎమరీతో నున్నగా రుద్దాను. గోరు పెట్టి లాగితే ఎక్కడా ఆగకూడదు. ఆగితే ముడి అక్కడే వేలాడి తెగిపోతుంది.

వైపర్ ఆర్మ్ బిల్ హుక్‌ని మొదట్లో తాకుతోంది, చివర్లో 2 మి.మీ. సందు ఉంది. అందుకే ముడి హుక్ మీద నుంచి పూర్తిగా జారట్లేదు. ఆర్మ్‌ని విప్పి వైస్‌లో పట్టి కొద్దికొద్దిగా వంచుతూ, ప్రతిసారీ బిగించి చూస్తూ మొదటి నుంచి చివరిదాకా తాకేలా తెచ్చాను. తాకుతున్న చోటు తెలియడానికి హుక్ మీద మార్కర్ ఇంకు పూస్తే చాలు, చెరిగిన గీత అంతా చెప్తుంది.

ఖర్చు: హోల్డర్ స్ప్రింగు 150, ఎమరీ 20.
మొత్తం: 6,220 రూపాయలు, లేత్ పని కలిపి. మా కూలీ వేసుకోలేదు.

దశ 9: పొలంలో

కోత మెషీన్ పోయిన మర్నాడు, మంచు ఆరాక మొదలుపెట్టాం. పీటీవో 540 దగ్గరే, ట్రాక్టర్ మెల్లగా.

మొదటి 60 కట్టలు: కుడి 4, ఎడమ 1 తప్పాయి. కుడివన్నీ ముడి పడి హుక్ దగ్గర తెగినవే. ఆర్మ్ ఇంకా చివర్లో పూర్తిగా తుడవట్లేదు, ఇంకు పూస్తే అదే కనిపించింది. మళ్లీ వంచాం.

తర్వాతి 60: కుడి 1, ఎడమ 0.
మొత్తం 120 కట్టల్లో తప్పినవి 6.

సాయంత్రం టైమింగ్ మళ్లీ కొలిస్తే ప్లస్ 37. కొత్త చైను కాబట్టి కొంచెం సాగుతుంది, అందుకే మొదటి రోజు చివర ఒకసారి బిగించాను. షేర్ బోల్టు ఒకటి తెగింది. పొలంలో వదిలేసిన తాటి మట్ట ముక్క ఒకటి లోపలికి పోయింది. బోల్టు ధర 25 రూపాయలు.

కట్ట బరువు 18 నుంచి 21 కిలోలు. పొడవు మాత్రం ఒకటే రావట్లేదు. 90 సెం.మీ.కి పెడితే 84 నుంచి 97 దాకా వస్తోంది. స్టార్ వీల్ పళ్లు అరిగి గడ్డి మీద జారుతున్నాయి. వెల్డింగ్ మేస్త్రీని అడిగితే పళ్ల కొనల మీద గట్టి రాడ్‌తో పోత వేద్దాం అన్నాడు, చక్రం తీసి అతని షాపులో ఇచ్చాను. కుడి సూదికి రాని ఆ ఒక్క మిల్లీమీటర్ కోసం కొత్త సూది ఆర్డర్ పెట్టాను, అది వచ్చాక దశ 8 కొలతలు మళ్లీ తీయాలి.